పాదిరిగారి పూరిల్లు

సికింద్రాబాదు చర్చీలను చూడవచ్చినవారు సాధారణముగా తల పైకెత్తియే చూతురు. 1806 వ సంవత్సరమున సికందర్ జాహ్ ప్రభువు పేరిట ఈ దండుపట్టణము వెలసినది. ఏడేండ్లకు, అనగా 1813 లో, సెయింట్ జాన్సు చర్చి లేచినది. 1847 లో బొల్లారమున హోలీ ట్రినిటీ చర్చియు, 1860 లో తిరుమలగిరియందు ఆల్ సెయింట్సు చర్చియు నిలిచినవి. గట్టి గోడలు, ఎత్తైన గోపురములు, రంగుటద్దముల కిటికీలు: దండులోని దొరలకు తగిన కట్టడములే.

పెద్దలారా, నేటి నా ముచ్చట ఆ గోపురములను గూర్చి కాదు. గోపురము నీడలో, కొంచెము చాటుగా, మరియొక యిల్లుండును. గుడిలో ప్రార్థన నడుపు గురువు ఆలుబిడ్డలతో కాపురముండు నట్టి యిల్లు అది. దానిని గూర్చి, అందులోను గడ్డికప్పు గలిగిన దానిని గూర్చి, మీతో నాలుగు మాటలు చెప్పదలచితిని.

ఇంగ్లండు దేశమున గ్రామదేవాలయపు గురువును వికారు అందురు. ఆయన యింటిని వికారేజి యందురు. మన పల్లెలలో క్రైస్తవులు తమ గురువును అయ్యగారనియు, ఆయన భార్యను అమ్మగారనియు పిలుతురు గనుక ఆ యింటిని అయ్యగారిల్లు అనియే వాడుక. శివాలయపు పూజారికిని, మసీదు ముల్లాకును ఊరివారిచ్చిన యిల్లు వంటిదే యిదియు. ఈ మూటికిని ఒక సామ్యము కలదు. ఇల్లు మనిషిది కాదు, కొలువుది. నేడు కాపురమున్నవాడు రేపు బదిలీయై పోవును, లేదా కాలము చేయును. వెనుకవాడు వచ్చి అదే యరుగుమీద కూర్చుండును.

ఇట్టి యింటికి రెండు గతులు పట్టవచ్చును. తనది కాదుగదా యని ఎవరును పట్టించుకొనక పాడుపడుట యొకటి. అందరిదియు గనుక తలకొక చేయి వేసి నిలుపుకొనుట రెండవది. మొదటి గతి తప్పించుటకై ఇంగ్లండులో కట్టుదిట్టమైన యేర్పాటుండెను. గురువు వెడలిపోవునపుడు గాని మరణించినపుడు గాని, ఆయన హయాములో ఇల్లెంత శిథిలమైనదో లెక్కగట్టి, ఆ సొమ్ము ఆయన వద్దనో, ఆయన వారసుల వద్దనో రాబట్టి మరమ్మతులకు వినియోగించెడివారు. 1871 లో పార్లమెంటువారు దీనికై ప్రత్యేకముగా ఒక శాసనమునే చేసిరి. భర్త పోయిన దుఃఖములో నున్న ఇల్లాలి వాకిట ఇంటికప్పు బాకీ వచ్చి నిలుచుండెడి దన్నమాట! కఠినమైన పద్ధతియే. కాని అట్టి భయము లేనిచోట ఎన్ని యిండ్లు నిలిచియుండెడివో ఆలోచింపవలసినదే.

ఇక మన దండుపట్టణమునకు వత్తము. ఇచ్చట పాదిరీలును, అధికారులును కాపురమున్న యిండ్లను బంగళాలందురు. బంగళా యనగానే మనకు వెడల్పైన వరండా, కార్లు నిలుచు పోర్టికో, తోటమాలి తోచును. కాని ఆ మాటకు మొదటి యర్థము వేరు. బంగ్లా యనగా వంగదేశమునకు చెందినదని భావము. వంగదేశపు రైతు గడ్డికప్పు గుడిసెకే ఆ పేరు. పదునేడవ శతాబ్దమున అచ్చటికి వచ్చిన ఇంగ్లీషు వర్తకులు, నాలుగువైపుల కిందికి దిగిన ఆ చూరును, చూరు కింది చల్లని పంచను చూచి, తమకును అదియే మేలని అట్టివే కట్టించుకొనిరి. ఇల్లు పెద్దదైనది, గోడలు ఇటుకవైనవి, కాని కప్పు చాలకాలము గడ్డియే. గడ్డినుండి పురుగు, పుట్ర కింద పడకుండుటకై దూలములకు అడుగున తెల్లని గుడ్డ నొకదానిని బిగించెడివారు. ఆ గుడ్డపై రాత్రివేళ ఎలుకలు పరుగిడుట, ఎలుకల వెంట పాములు ప్రాకుట కింద పండుకొన్న దొరలకు కనబడెడిదట. 1857 మే నెలలో మీరటు దండున సిపాయిలు తిరుగబడినప్పుడు బంగళాలు అంత త్వరగా తగులబడుటకు ఆ గడ్డికప్పులే కారణము. తరువాత పెంకు వచ్చినది, పెంకు వెనుక రేకు వచ్చినది. గుడిసె పేరు మాత్రము మేడకు నిలిచిపోయినది.

కాబట్టి, పెద్దలారా, పూరిల్లు మనము దొరలవద్ద నేర్చినది కాదు. దొరలే మనవద్ద నేర్చినది.

సికింద్రాబాదునుండి పల్లెలకు పోయిన పాదిరీలలో పోస్నెట్ దొరగారి కథ మీలో కొందరెరిగియే యుందురు. చార్లెస్ వాకర్ పోస్నెట్ గారు వెస్లియను మిషను పక్షమున 1895 లో సికింద్రాబాదునకు వచ్చిరి. తిరుమలగిరిలోని దండువారికి బోధచేయుట ఆయన తొలి కొలువు. ఆ పనిలో ఆయన మనస్సు నిలువలేదు. మరుసటి యేడాదినుండి ఆయన చూపు మెదకు పల్లెలవైపు మరలినది. మెదకులో మొదట డాకుబంగళాలో బసచేసి, పిమ్మట మిషను బంగళా కట్టించుకొనెను. బంగళా పూర్తియైన తరువాత చూడగా, అది పక్కనున్న చిన్న ప్రార్థనాలయముకంటె ఎత్తుగా నుండెననియు, దైవమందిరముకంటె దాసుని యిల్లు ఎత్తుగా నుండుట ఆయనకు నచ్చలేదనియు, అందుకొరకే పెద్ద చర్చి కట్టనెంచెననియు మెదకులో చెప్పుకొందురు. 1914 లో ఆరంభమైన ఆ మహాదేవాలయము 1924 డిసెంబరు 25 వ తేదీన ప్రతిష్ఠింపబడినది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురము 175 అడుగులు. కరువునాళ్లలో వేలకొలది కూలిజనమునకు ఆ పనియే కూడు పెట్టినది.

ఈ కథ చెప్పువారందరును చర్చి యెత్తువద్ద ఆగిపోవుదురు. నాకు మాత్రము, ఇంటి యెత్తు చూచి ఆయన నొచ్చుకొనుటయే ముఖ్యముగా తోచుచున్నది. గురువు యిల్లు ఎంత యుండవలెను? దేనితో పోల్చి దానిని కొలువవలెను? దేవాలయముతోనా, పొరుగువాని యింటితోనా? దొరగారు దేవాలయముతో కొలిచిరి. మన పల్లెలలోని ఉపదేశుల యిండ్లు మాత్రము పొరుగువాని యింటి కొలతకే యుండెను.

ఆ కాలపు ఉపదేశి యనగా ఒకే మనిషిలో బడిపంతులు, గురువు, ఉత్తరములు వ్రాసిపెట్టువాడు, జ్వరమునకు మందిచ్చువాడు. తెలంగాణమున తొలుత క్రైస్తవమతము పుచ్చుకొన్నవారు ఎక్కువగా మాల మాదిగ కులములవారు గనుక ఆయన యిల్లు ఆ పల్లెలలోనే యుండెడిది. మట్టిగోడ, గడ్డికప్పు, ముందొక పంచ, పంచకు అరుగు. పగలు ఆ పంచయే బడి. అక్షరము ముట్టుటకు ఊరిబడిలో చోటులేని పిల్లలు ఆ చూరుకిందనే ఓనమాలు దిద్దిరి. సాయంత్రము అదియే ప్రార్థనాలయము, రాత్రి అదియే పొరుగూరినుండి వచ్చినవాని పడక. గోపురములున్న చర్చీలను గూర్చి గ్రంథములు వెలువడినవి. ఈ పంచలను గూర్చి వ్రాసినవారు అరుదు. వాని గోడలనే మనము చేజేతుల పడగొట్టుచున్నాము.

పడగొట్టుటకు చెప్పు కారణము ఎల్లయెడల నొక్కటే: "గడ్డి కుళ్లినది, ఇల్లు పాతబడినది." ఈ మాటలో ఒక పొరపాటు కలదని నా యభిప్రాయము. దానిని స్పష్టపరచుటకై మిమ్ము ఒకమారు సముద్రము దాటించి తీసికొనిపోవుదును.

ఇంగ్లండునకు దక్షిణమున ససెక్సు అను సీమ కలదు. అచ్చట కక్మియరు అను చిన్న యేటి యొడ్డున ఆల్‌ఫ్రిస్టను అను గ్రామము. గ్రామమునకు వెలుపల పచ్చికబయలు, దానిపై సెయింట్ ఆండ్రూ చర్చి, చర్చి పక్కనే గురువు యిల్లు. ఇది ఇంచుమించు 1400 నాటి కట్టడము. మన శ్రీనాథ కవిసార్వభౌముడు జీవించియున్న కాలమన్నమాట. ఇంటికి కప్పు నేటికిని గడ్డియే.

దాని కట్టుబడి వినుడు; మీకు కొత్తగా తోచదు. ఇల్లు మూడు భాగములు. నడుమ పెద్ద చావడి, దానికి అటకగాని మిద్దెగాని లేదు. నేలపై నిలిచి తలయెత్తినచో కప్పు లోపలివైపు కనబడును. అటునిటు రెండు చివరల గదులు, వానిపై మరల గదులు. ఒక చివర గురువుగారిది, రెండవ చివర వంటసామగ్రికిని పరిచారకులకును. మూటికిని కలిపి ఒకే కప్పు. ఇంటి బలమంతయు ఓకు అను గట్టి చెట్టు కలపతో చేసిన చట్రములో నున్నది. నిలువు స్తంభములు, అడ్డదూలములు ఒకదానిలో నొకటి కూర్చి, చెక్కమేకులు బిగించిరి. స్తంభముల నడుమ సందులను సన్నని కొయ్యబద్దల తడికతో అల్లి, బంకమట్టిలో గడ్డియు పేడయు కలిపి రెండుప్రక్కల మెత్తిరి. మన తడికగోడకు దీనికి భేదమేమి?

నేల సంగతి ఇంకను వింతగా నుండును. ఆ ప్రాంతమున సుద్ద విస్తారము. సుద్దను దంచి, పరచి, దిమ్మిసకొట్టి, పులిసిన పాలతో తడిపి గట్టిపరచిరి. మనము ఎర్రమట్టి పరచి పేడతో అలుకుదుము. కలిగినవారి యిండ్లలో గచ్చునకు బెల్లపునీరు, కరక్కాయ రసము కలుపుదురు. పనివాడు ఏ దేశమువాడైనను, తన యూరిలో చవుకగా దొరకునదేదో, అతుకుకొనునదేదో కనిపెట్టకమానడు.

తొలిదినములలో ఆ చావడికి పొగగొట్టము లేదు. నట్టనడుమ నేలమీదనే నిప్పు. పొగ పైకెక్కి గడ్డిగుండా మెల్లగా వెడలిపోయెడిది. ఈ మాట చదివినప్పుడు నేను నవ్వుకొంటిని. మన ముసలమ్మలు "వంటింటి వాసము పుచ్చదు" అనుట మీరు వినలేదా? పొగ తగిలిన కొయ్యను పురుగు త్వరగా ముట్టదు; పొగబట్టిన గడ్డిలో చెదలు నిలువవు. గాలి బాగుగా వీచుటకై పొగను పూర్తిగా వెడలగొట్టిన గొప్పయిండ్లలో కప్పు ముందుగా చెడుట మీరే చూచియుందురు.

అంత చక్కని యిల్లు కూలుటకు సిద్ధమైనదెట్లు? తరువాతి గురువులు అందు కాపురముండుట మానిరి. ఇల్లు చిన్నదనియు, పల్లెటూరి మోటుదనియు వారికి తోచియుండును. నడుమ గోడలు పెట్టి కూలివారికి అద్దెకిచ్చిరి. అద్దె స్వల్పము, మరమ్మతు శూన్యము. పంతొమ్మిదవ శతాబ్దము చివరకు కప్పు చిరిగినది, గోడ కుంగినది. పడగొట్టుటకు అనుమతియు వచ్చినది. అప్పుడు అందులో ఒక వృద్ధురాలు అద్దెకుండెననియు, తాను కన్నుమూయువరకు ఇంటిని ముట్టవద్దని వేడుకొనెననియు, ఆ వేడికోలు వలననే కొన్నేండ్లు జాగు జరిగెననియు చెప్పుదురు. ఆ జాగే ఇంటిని కాపాడినది. అంతలో బేనన్ అను గురువు ఆ గ్రామమునకు వచ్చి, ఈ యిల్లు పోగూడదని ఊరూర ఉత్తరములు వ్రాసెను. విలియం మారిస్ మొదలైనవారు 1877 లో స్థాపించిన ప్రాచీన కట్టడముల రక్షణసంఘమువారికి వ్రాసెను. 1895 లో ఆక్టేవియా హిల్ అను విదుషీమణియు, మరి యిద్దరు మిత్రులును కలిసి నేషనల్ ట్రస్టు అను సంస్థను స్థాపించియుండిరి. ఆ మిత్రులలో ఒకరైన రాన్స్‌లీ గారు స్వయముగా ఒక గ్రామగురువే. 1896 లో ఆ ట్రస్టువారు ఇంటిని కొనిరి. వెల పది పౌనులు! మరమ్మతుకు దానికి ఎన్నో రెట్లు పట్టినది. అందుకై చందాలు దండవలసివచ్చినది. నేడు వందలకొలది కోటలకును, మేడలకును యజమానియైన ఆ సంస్థ కొన్న తొలి కట్టడము పల్లెటూరి గురువు పూరిల్లు.

ఇప్పుడు నా ప్రశ్న. ఆ యింటికి ఆరువందల యేండ్లని చెప్పుదుము గదా, దాని కప్పుమీది గడ్డికి ఎన్నేండ్లు? ఎంత మంచి గడ్డియైనను కొన్ని పదుల యేండ్లకు మించదు. ఆ కప్పు ఎన్నిసార్లు మారినదో లెక్కపెట్టువారు లేరు. మారనిది లోపలి చట్రము, అంకణముల కొలత, చావడి యమరిక. గడ్డియింటి వయస్సు గడ్డిలో నుండదు. గడ్డి ఆ యింటికి వస్త్రము. వస్త్రము చినిగినదని మనిషిని కాటికి పంపుదుమా?

మన యిండ్లనే తీసికొనుడు. నడుమ నిట్రాడ నిలిపి, దానిపై వెన్నుగాడి వేయుదురు. వెన్నుగాడినుండి గోడలమీదికి వాసములు దిగును. వాసములపై వెదురుబద్దలు అడ్డముగా కట్టి, వానిమీద గడ్డి పరతురు. రెండు దూలముల నడిమి మేరను అంకణమందురు. మూడంకణముల యిల్లు, ఐదంకణముల యిల్లు అనియే మనము ఇంటిని కొలుతుము. ఆల్‌ఫ్రిస్టను గురువు యిల్లును ఇట్లు అంకణములతో కొలువదగినదే. కోస్తాజిల్లాలలో గాలివానకు వెరచి గుండ్రని చుట్టిళ్లు కట్టిరి; మూలలు లేని గోడను గాలి పట్టి పెరుకజాలదు. తెలంగాణమున గాలి భయము తక్కువ, ఎండ భయము ఎక్కువ. కనుక గోడ మందము, చూరు కిందికి. కప్పునకు ఏటిగట్టున రెల్లు, చెరువుకింద వరిగడ్డి, తాటివనము దగ్గరనున్నచో తాటాకు, మెట్టపొలములలో జొన్నచొప్ప.

గడ్డి నీటినెట్లు ఆపును? ఆపదు. జార్చివేయును. చినుకు ఒక పోచపై పడి దాని కొనవరకు జారి కిందిపోచ నందుకొనును. అట్లు పోచనుండి పోచకు చేతులు మారుచు చూరువరకు పోవును. పైనున్న పొర మాత్రమే తడియును, లోపలిది పొడిగానే యుండును. ఐతే వాలు చాలినంత యుండవలెను. మూరెడు వెడల్పునకు మూరెడు ఎత్తు తగ్గినచో నీరు జారక నిలిచి గడ్డిని కుళ్లించును. ఈమధ్య గడ్డి త్వరగా చెడుచున్నదని చెప్పువారి యిండ్లు కొన్ని చూచితిని. కలప మిగిల్చుకొనుటకై వాలు తగ్గించి కట్టినవే వానిలో ఎక్కువ. నేరము గడ్డిది కాదు.

దోషములు లేవని నేననను. అగ్నిభయము పెద్ద దోషము. లండను నగరములో 1212 లోనే పెద్ద అగ్నిప్రమాదము పిమ్మట గడ్డికప్పు కూడదని నిషేధించిరి. చైత్రవైశాఖములలో మన పల్లెలలో ఒక పొయ్యినిప్పురవ్వ వాడవాడనే కాల్చివేయుట మీకు నేను చెప్పనక్కరలేదు. ఏటేట మరమ్మతు, చెదలు, తేళ్లు ఉండనే యున్నవి. అంతకు మించిన చిక్కు మరియొకటి. పూర్వము కప్పు నేయుట ఒకనాటి ఉమ్మడిపని. నేడు నీ యిల్లు, రేపు నా యిల్లు. గడ్డి కోయువారు, మోపు అందించువారు, పైకెక్కి కట్టువారు, కింద కూడు వండువారు. ఇప్పుడు పైకెక్కగల ముసలివారు ఇద్దరో ముగ్గురో మిగిలిరి. వారి చేతిపని కుర్రవారికి రాదు. ఇంగ్లండులో ఆ పని నేటికిని ఒక గౌరవమైన వృత్తిగా సాగుచున్నది. కప్పు నేయువానికి నెలల ముందే కబురంపవలెను. ఇచ్చట గడ్డి దొరకినను చేయి దొరకదు.

గడిచిన యేడు తెలంగాణములోని ఒక పల్లె పెద్దలు నన్ను పిలిపించిరి. ఊరిపేరు చెప్పుట వారికి సమ్మతము కాదు గనుక చెప్పను. అచ్చటి అయ్యగారిల్లు మూడంకణములది. గోడలు మట్టివి, నిట్రాడ టేకుది, పంచకు వేపస్తంభములు నాలుగు. కప్పు ఒక మూల దిగిపోయినది. దానిని తీసివేసి స్లాబుయిల్లు వేయవలెనని యువకుల పట్టుదల. వద్దని వృద్ధుల బాధ. వృద్ధులలో ముగ్గురు ఆ పంచలోనే అక్షరములు నేర్చినవారు. మాటలు పెరిగినవి. చివరకు ఒక పెద్దాయన నావైపు తిరిగి, "మీరు చదువుకొన్నవారు, చెప్పుడు, ఉంచవలెనా, తీయవలెనా?" అని యడిగెను.

నేను బదులు చెప్పకముందే అమ్మగారు తలుపు చాటునుండి పలికినది. "ఇల్లు ఉంచవలెనని చెప్పుట సులభము, బాబుగారూ. వానలో రాత్రి లేచి గిన్నెలు పెట్టవలసినది నేను." ఆ మాటకు ఎవరివద్దను సమాధానము లేకపోయినది. పాత కట్టడములను ప్రేమించువారు ఈ మాట మరువరాదు. అందులో కాపురముండువారి వెన్ను తడుపుచు మన కన్నులకు పండుగ చేసికొనుట న్యాయము కాదు.

అప్పుడు మేము ఊరి వడ్రంగిని పిలిపించితిమి. అతడు స్తంభముల మొదళ్లు నేలకు ఒక జానెడు లోతు త్రవ్వించి, ఉలితో పొడిచి చూచెను. టేకు నిట్రాడ చెక్కుచెదరలేదు. వేపస్తంభములలో ఒకటి మాత్రము మొదట మెత్తబడినది. దానికి కింద రాయి కూర్చిన చాలునని యతడు చెప్పెను. వాసములు పన్నెండింటిలో నాలుగు మార్చవలెను. గోడకు వాననీరు కొట్టినచోట మట్టి మెత్తవలెను. గడ్డి మాత్రము మొత్తము తీసివేయవలసినదే. అనగా ఇల్లంతయు పోయినదని తగవులాడుచున్నవారికి తేలినదేమనగా, పోయినది గుడ్డ, ఒక కాలు, నాలుగు పక్కటెముకలు.

నేను చెప్పిన సలహా యిది. అయ్యగారి కుటుంబమునకు పెరటివైపు స్థలమున గట్టి కప్పుతో, వంటింటికి తగిన గాలితో కొత్తయిల్లు వేయుడు. ఆ ఖర్చును వెనుకాడవద్దు. ఎత్తు మాత్రము పాతయింటి కొప్పు మించనీయకుడు. పాతయింటిని చట్రముతో నిలుపుడు. దానిలో కాపురము, పొయ్యి లేకున్నచో అగ్నిభయము మూడువంతులు తగ్గును. పొయ్యి లేనిచోట పొగయు లేదు గనుక చెదలకు వేరుగా మందు పెట్టవలసియుండును. పంచలో సాయంత్రపు బడి, పత్రికలు చదువు చావడి సాగనిండు. రేకు వేసినచో తక్కువ ఖర్చని ఒకరనిరి. నిజమే, రేకు వేసి ఇంటిని కాపాడుట పడగొట్టుటకంటె మేలే. కాని వైశాఖమాసమున ఆ రేకుకింద పిల్లలు కూర్చుండలేరు. గడ్డికి చేయి దొరకు నంతవరకు గడ్డియే వేయుడని చెప్పితిని.

వారింకను తీర్మానించుకొనలేదు. యువకులలో ఇద్దరు మాత్రము, పైకెక్కి కప్పు నేయు ముసలాయనవద్ద ముడి వేయుట నేర్చుకొందుమని ముందుకు వచ్చిరి. ఆయనకు డెబ్బది దాటినవి. కన్ను సరిగా కనబడదు గాని వ్రేళ్లకు ముడి తెలిసియున్నది.

మీ యూరిలోను ఇట్టి యిల్లున్నచో, అది అయ్యగారిది కానిండు, పూజారిది కానిండు, ముల్లాది కానిండు, తీర్మానమునకు ముందు ఈ పని చేయుడు. వడ్రంగిని పిలిచి కప్పు సంగతి అటుంచి కాళ్ల సంగతి చూపింపుడు. ఇంటి పొడవు, వెడల్పు, కొప్పు ఎత్తు కొలిచి వ్రాసిపెట్టుడు; నాలుగువైపుల పటములు తీయింపుడు. ఆ పంచలో చదివినవారి పేర్లు, కాపురమున్న గురువుల పేర్లు, తెలిసిన పెద్దలు జీవించియుండగానే అడిగి కాగితమున పెట్టుడు. నిలుపుటకే నిశ్చయించినచో ఆలస్యము చేయవద్దు. రెల్లు శరత్తులో పూచి, పుష్యమునకు ఎండి, కోతకు వచ్చును. మాఘము దాటినచో పశువులు తొక్కును, గట్టులకు నిప్పంటుకొనును. అటుపైన కప్పునకు తగిన పొడుగు గడ్డి మరుసటి యేటివరకు దొరకదు. పాతగడ్డి దింపిన యిల్లు ఒక్క వానకాలము కప్పులేక నిలిచెనా, మట్టిగోడ కరగిపోవును. కనుక కొత్తమోపులు వాకిట చేరినదాక పాతకప్పును దింపవద్దు.